ఇన్‌ఛార్జి మునిలక్ష్మి మేడం

శ్రీకాళహస్తి దాటి నాయుడుపేట వైపు కొంతదూరం పోయాక స్వర్ణముఖి ఒడ్డున ఏటివేడు అనే ఊరు వస్తుంది. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే మునిలక్ష్మి మేడం గురించి ఊళ్లో రెండు రకాలుగా చెబుతారు. కాస్త వయసొచ్చిన పాత విద్యార్థులైతే, ఆమె తమను ఏట్లోకి తీసుకుపోయి ఇసుకలో ఒంటికాలి మీద నిలబెట్టి పాఠం చెప్పిన సంగతి ఎత్తుతారు. వాళ్ల తర్వాత కొన్నేళ్లు చదివిన పిల్లలకు ఆ ముచ్చటే తెలియదు. వాళ్లెరిగిన మేడం గంట కొట్టగానే లోపలికొచ్చి పుస్తకం తెరిచేది, మళ్లీ గంట కొట్టగానే మూసుకుని వెళ్లిపోయేది. ఇద్దరూ ఒక్క మనిషే.

మునిలక్ష్మిది పుత్తూరు దగ్గర పల్లె. నాయన వేరుశనగ వేసే రైతు. ఆ ఇంట్లో ఉద్యోగం చేసిన మొదటి మనిషి ఆమె. తిరుపతిలో బీఈడీ చదివి, డీఎస్సీ రాసి, మొదటి ప్రయత్నంలో తప్పి రెండోసారి గెలిచింది. ఆర్డరు చేతికి వచ్చిన రోజు నాయన వీధిలో కనిపించిన ప్రతివాడినీ ఆపి, "మా పాప అయివోరమ్మ అయిందప్పా!" అని చెప్పుకున్నాడు. పెళ్లయి కాళహస్తి వచ్చాక భర్త ధనంజయ కూడా ఆ ఉద్యోగాన్ని గౌరవంగానే చూశాడు. అతనికి బస్టాండు పక్కన మోటార్లు బాగుచేసే షాపు ఉంది. పాడైపోయిన కాయిల్స్, తీగలు, చిన్న చిన్న అయస్కాంతాలు ఒక డబ్బాలో వేసి ఉంచేవాడు. మునిలక్ష్మి ఆ డబ్బా నుంచి ఏరుకుని బడికి మోసుకుపోయేది.

ఆ రోజుల్లో ఆమె పాఠమంటే పిల్లలకు సంబరం. పీడనం పాఠం వచ్చిందంటే ఎనిమిదో తరగతి మొత్తం ఏట్లోకి నడిచేది. వానాకాలం నాలుగు రోజులు తప్ప స్వర్ణముఖిలో ఉండేది ఇసుకే కదా. "రెండు కాళ్ల మీద నిలబడండ్రా. ఇప్పుడు ఒంటికాలి మీద. ఏమైంది?" అనేది. "దిగబడిపోయినాం మేడం!" అని అరిచేవాళ్లు. "నీ బరువు పెరిగిందా?" "లేదు మేడం!" "మరెందుకు దిగబడినావు?" అక్కడితో ఆగి ఊరుకునేది. పిల్లలు ఇసుకలో గుంటలు చూసుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ, వాదించుకుంటూ జవాబు దగ్గరికి వాళ్లే వచ్చేవాళ్లు.

తర్వాత పాఠాలన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి.

మునిలక్ష్మి చదివిందంతా తెలుగులోనే. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, కానీ మాట్లాడాలంటే నోరు తిరగదు. పిల్లల పరిస్థితీ అదే. పుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు ఉండేది. మొదట్లో కుడివైపు చూసి చెప్పి ఎడమవైపు చదివించేది. ఒకరోజు పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన తలుపు దగ్గర నిలబడి విని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ప్రధానోపాధ్యాయుడు దేవరాజులు సారు స్టాఫ్ మీటింగు పెట్టాడు.

దేవరాజులు చెడ్డమనిషి కాదు. అయితే ఎప్పుడు చూసినా ఫోను చేతిలో పెట్టుకుని కంగారుగా ఉండేవాడు. మధ్యాహ్న భోజనం ఫోటో, మరుగుదొడ్ల ఫోటో, హాజరు యాప్, సర్వర్ పనిచేయకపోతే మళ్లీ ఫోన్లు, వీటితోనే ఆయన పొద్దు గడిచేది. ఏ తరగతిలో ఏ పాఠం నడుస్తున్నదో చూసే తీరిక లేదు. ఆ రోజు అధికారి ఏమన్నాడో ఏమో, ముఖం ఎర్రబడి ఉన్నాడు.

"ఏం మేడం, ఇంగ్లీషులో చెప్పమంటే తెలుగులో చెబుతా ఉండారంట? నాకు మాట తెచ్చిపెడతా ఉండారు. చేతకాకపోతే సెలవు పెట్టి ఇంట్లో కూర్చోండి" అన్నాడు అందరి ముందూ.

ఎవరూ మాట్లాడలేదు. తెలుగు చెప్పే మునిరామయ్య సారు తల దించుకున్నాడు. మునిలక్ష్మి ఏడవలేదు, ఎదురూ చెప్పలేదు. ఇంటికి పోయి అన్నం వండింది, తిన్నది, పడుకుంది. మరుసటి రోజు నుంచి ఆమె పాఠం పూర్తిగా ఇంగ్లీషులోనే నడిచింది. అంటే, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివేది. పిల్లలు వింటున్నారా, నిద్రపోతున్నారా చూసేది కాదు. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. రిజిస్టరు సరిగ్గా ఉంది, సిలబస్ సమయానికి పూర్తయింది. సెలవుల్లో మండల కేంద్రంలో ఇంగ్లీషు బోధన మీద శిక్షణ పెట్టారు. తెర మీద ఒకటి తర్వాత ఒకటి స్లైడ్లు వేసి, వాటినే చదివి వినిపించి, మధ్యాహ్నం పులిహోర పెట్టి, సాయంత్రం సంతకాలు తీసుకుని పంపించారు. ఆ హాల్లో కూర్చున్న వాళ్లలో సగం మందికి తన బాధే ఉందని ఆమెకు తెలుసు. కానీ ఎవరూ ఎవరితోనూ ఆ మాట అనలేదు.

"ఈ మధ్య నా డబ్బా జోలికి రావడం లేదే?" అని ధనంజయ ఒకసారి అడిగాడు.

"అవసరం లేదులే. పుస్తకంలో బొమ్మలుండాయి" అంది.

బదిలీలు తెరిచినప్పుడల్లా కాళహస్తికి పెట్టుకునేది. రాలేదు. ఇలా కొన్నేళ్లు గడిచాయి. దేవరాజులు రిటైరయ్యాడు.

ఆయన స్థానంలో గూడూరు నుంచి కృపారాణి మేడం వచ్చింది. పొట్టిగా, గట్టి గొంతుతో, కాస్త కాలు ఈడ్చి నడిచే మనిషి. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. ఆమె సబ్జెక్టు లెక్కలు. వచ్చిన వారంలోనే స్టాఫ్‌ను పిలిచి, "ఎనిమిదో తరగతి లెక్కలు నేను తీసుకుంటాను. శనివారం చివరి పీరియడు మీరంతా వచ్చి నా క్లాసులో వెనక బెంచీల్లో కూర్చోండి. నేనెట్ల చెబుతా ఉండానో చూసి చెప్పండి" అంది.

మామూలుగా హెచ్ఎం వచ్చి టీచర్ల క్లాసులో కూర్చుంటుంది. ఇదేదో తిరగబడిందని అందరూ అనుకున్నారు. మునిలక్ష్మి కూడా వెళ్లి, గోడకు ఆనుకుని, ఎప్పుడు గంట కొడతారా అని కూర్చుంది.

కృపారాణి ఆ రోజు రుణసంఖ్యల గుణకారం చెప్పింది. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ వస్తుందని బోర్డు మీద రాయగానే, మధ్య బెంచీలో ఒక అమ్మాయి లేచి, "ఎందుకు మేడం?" అంది. కృపారాణి ఏదో చెప్పింది. అమ్మాయికి అర్థం కాలేదు. మరోరకంగా చెప్పింది. ఈసారి క్లాసంతా గందరగోళపడింది. చివరికి "రూల్ అంతేనమ్మా, గుర్తుపెట్టుకో" అనేసి ముందుకు పోయింది.

పిల్లలు వెళ్లిపోయాక ఆమె కుర్చీ లాక్కుని టీచర్లకు ఎదురుగా కూర్చుంది. "చూసినారు కదా. ఆ పాప అడిగినదానికి నాకు జవాబు చేతకాలేదు. ఇన్నేళ్లుగా చెబుతా ఉండాను, ఇంకా చేతకాలేదు. ఏం చేసింటే బాగుండు?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇది నిజంగా అడుగుతున్నదా, ఉచ్చు పన్నుతున్నదా తెలియడం లేదు. చివరికి మునిరామయ్య నోరు విప్పాడు.

"నాకు లెక్కలు రావు మేడం. కానీ ఒకటి గమనించినాను. మీరు ప్రశ్న అడిగి, పిల్లోళ్లు నోరు తెరిచేలోపే మీరే జవాబు చెప్పేస్తా ఉండారు."

కృపారాణి తలూపింది. "నిజమే సార్" అంది. "నాకు ఆ అలవాటు ఉండాది. మా ఆయన కూడా అంటాడు." మొదట నవ్వింది ఆమే. తర్వాత అందరూ నవ్వారు. ఆ తర్వాతి వారమంతా మునిరామయ్య మామూలు కంటే నిటారుగా నడిచాడని మునిలక్ష్మికి అనిపించింది.

శనివారాలు అలా మొదలయ్యాయి. ఒక్కో వారం ఒక్కొక్కరు తమ క్లాసుకు మిగతావాళ్లను పిలవాలి. చూసినవాళ్లు ముందు తమకు నచ్చింది చెప్పాలి, తర్వాత ఒక్కటంటే ఒక్క సందేహం అడగాలి. ఇది పైకి ఎక్కడా రిపోర్టు పోదని కృపారాణి ముందే మాట ఇచ్చింది. పైనుంచి ఫోన్లు వస్తే తానే బయటికి పోయి మాట్లాడి వచ్చేది. ఎవరేమి అడిగారో, తానేమి తిట్లు తిన్నదో స్టాఫ్ ముందు ఎప్పుడూ చెప్పలేదు.

మునిలక్ష్మి వంతు వచ్చినప్పుడు ఆమె తప్పించుకోవడానికి చూసింది. ఒక వారం ఒంట్లో బాగాలేదంది. ఇంకోవారం పరీక్ష పెట్టింది. మూడోసారి దారి లేకపోయింది. పుస్తకం తెరిచి, పీడనం పాఠమే, ఇంగ్లీషులో చదివింది. వాక్యం వెంట వాక్యం చదివింది. వెనక బెంచీలో కూర్చున్న తోటి టీచర్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రోజు కృపారాణి ఎవరినీ ఏమీ అడగలేదు. అందరినీ పంపించేసి, మునిలక్ష్మిని మాత్రం ఉండమంది.

"మీకేమనిపించింది మేడం?"

"ఏమనిపిస్తాది? గోడకు చెప్పినట్టుండాది."

"ఏట్లో ఇసకలో పాఠం చెప్పే మేడం ఒకామె ఈ బళ్లో ఉండేదంట. మొన్న కూరగాయలకు పోతే ఒక పిల్ల చెప్పింది, తనిప్పుడు తడ వైపు కంపెనీలో పని చేస్తా ఉండాది. ఆ పాఠం ఇంకా మరిచిపోలేదంట. ఆ మేడం యాడికి పోయింది?"

మునిలక్ష్మి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆమెకు ఇంగ్లీషు రాదు మేడం" అంది. ఆ మాట అనగానే, ఎన్నాళ్లుగానో లోపల ఉండిపోయిన ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. దేవరాజులు సారు అన్న మాట, ఆ రోజు ఎవరూ నోరెత్తకపోవడం, అన్నీ చెప్పేసింది. కృపారాణి ఓదార్చలేదు. మంచినీళ్ల సీసా ముందుకు జరిపి, ఏడుపు ఆగేదాకా ఊరకే కూర్చుంది.

"ఆమెకు రాదు సరే. నేర్చుకునేదానికి తోడు ఎవరినైనా ఇస్తే వస్తాదా?"

ఆ వచ్చే సోమవారం టైమ్‌టేబుల్ మారింది. ఇంగ్లీషు చెప్పే భానుశ్రీకి, మునిలక్ష్మికి వారంలో రెండుసార్లు ఒకే సమయంలో ఖాళీ పీరియడు దొరికేలా కృపారాణి సర్దింది. భానుశ్రీ చిన్నది, చురుకైనది, కానీ తొమ్మిదో తరగతి మగపిల్లలు ఆమెను ఆటపట్టించేవాళ్లు. ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. మునిలక్ష్మి తర్వాతి వారం చెప్పబోయే పాఠాన్ని భానుశ్రీ ముందు ఇంగ్లీషులో చెప్పి చూసుకోవాలి. భానుశ్రీ క్లాసులో మునిలక్ష్మి ఒక మూల కూర్చుని, ఏ పిల్లాడు ఎందుకు అల్లరి చేస్తున్నాడో కనిపెట్టి చెప్పాలి.

"అక్కా, అంత పెద్ద వాక్యాలు ఎందుకు? 'మీ కాలు చూడండి, ఇసుక చూడండి, ఏం మారింది' ఇంతే కదా మీరు అడిగేది. అదే ఇంగ్లీషులో అడగండి. చిన్నగా" అనేది భానుశ్రీ.

చిన్న వాక్యాలు. ఆ కిటుకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. మొదట తెలుగులో మాట్లాడుకోవడం, పిల్లలకు విషయం పట్టుబడ్డాక అదే మాటను ఇంగ్లీషులో అనిపించడం. నోరు తిరగక తడబడితే పిల్లలు నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. ఒక్కరోజులో ఏమీ మారలేదు. కొన్ని వారాలు పాఠం మళ్లీ పుస్తకంలోకే జారిపోయేది. కానీ ఒకరోజు సాయంత్రం ఆమె షాపు దగ్గర ఆగి, "ఆ డబ్బాలో రాగి తీగ ఏమన్నా ఉండాదా?" అని అడిగింది. ధనంజయ డబ్బా ఎత్తి బల్ల మీద పెట్టాడు.

మరుసటి ఏడాది చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ జరిగే కాంప్లెక్స్ సమావేశం ఏటివేడులో పెట్టారు. మామూలుగా అయితే స్లైడ్లు, పులిహోర, సంతకాలు. కృపారాణి మాత్రం, "ఈసారి తెర వద్దు. మా మునిలక్ష్మి మేడం ఒక పాఠం చెబుతాది, మనందరం చూద్దాం" అంది.

మునిలక్ష్మి వెనక్కి తగ్గింది. "నా వల్ల కాదు మేడం, అంతమంది ముందా?"

"తప్పు పోతే ఏమవుతాది? నేను తప్పు చేసింది మీరంతా చూడలేదా? ఈడే ఉండానుగా."

పిల్లలతోపాటు పాతికముప్పై మంది టీచర్లు ఏట్లోకి దిగారు. ఎండ ఇంకా ఎక్కలేదు. మునిలక్ష్మి మొదటి వాక్యంలోనే తడబడింది. ప్రశ్న అడిగింది, ఎవరూ చెప్పలేదు. రెండోసారి అడిగింది. ఒక పిల్లవాడు లేచి పూర్తిగా తప్పు జవాబు చెప్పాడు. వెనక ఎవరో టీచరు కిసుక్కున నవ్వారు. అయినా ఆమె తొందరపడకుండా నిలబడింది. అప్పుడు ఇంకో అమ్మాయి, ఇంట్లో అరవం మాట్లాడే పిల్ల, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో, "కాలు చిన్న... ఏరియా స్మాల్ మేడం, అందుకే ప్రెషర్ ఎక్కువ" అంది. పిల్లలంతా ఒక్కసారిగా అవునని కేకలేశారు. ఆమె తలతిప్పి చూసేసరికి ముందు వరుసలో ఒక పెద్దాయన, ఏదో బడి లెక్కల సారు, చెప్పులు విడిచి ఇసుకలో ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు విడిచారు. పంతుళ్లంతా ఇసుకలో తూలుతుంటే పిల్లలు పడి పడి నవ్వారు.

సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి, "మా పిల్లోళ్లకు ఇది ఎట్ల చెప్పల్ల మేడం?" అని అడిగారు. శిక్షణంటే ఇదీ అని మునిలక్ష్మికి అప్పుడు తోచింది. ఆ ఏడాది బదిలీలు తెరిచారు. ఆమె అప్లై చేయలేదు. ఎందుకు చేయలేదని ధనంజయ అడిగితే, "మరిచిపోయినాను" అంది. అది నిజమే.

కృపారాణి రిటైరై గూడూరు వెళ్లిపోయింది. కొత్త హెచ్ఎంను వేయడం ఆలస్యమైంది. అందరిలోకీ సీనియర్ మునిలక్ష్మి కాబట్టి ఇన్‌ఛార్జి బాధ్యతలు ఆమె మీద పడ్డాయి. తాళాల గుత్తి, స్టాంపు, ఫోనులో యాప్‌లు చేతికి వచ్చాయి. ఆ పని ఎలా చేయాలో ఎవరూ నేర్పలేదు. పొద్దున బడికి వచ్చింది మొదలు భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో, పిల్లల ఆధార్ తప్పులు, గూగుల్ మీటింగులు. తన పాఠమే సగం రోజులు ఎగిరిపోయేది. శనివారం క్లాసు రెండు వారాలు జరగలేదు, తర్వాత మూడో వారం కూడా. ఎవరూ ఎందుకని అడగలేదు, ఆమె కూడా గమనించలేదు.

అదే సమయంలో కొత్త డీఎస్సీలో ఎంపికై ధర్మేంద్ర అనే యువకుడు సాంఘికశాస్త్రం టీచరుగా వచ్చాడు. తిరుపతిలో ఉంటాడు. బస్సు ఆలస్యమైతే అతనూ ఆలస్యమే. ఖాళీ పీరియడులో ఫోను చూసుకుంటాడు. పాఠం బాగానే చెబుతాడు కానీ మనసు పెట్టడని స్టాఫ్ రూములో అనుకునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం పైనుంచి ఫోను వచ్చింది. మీ బళ్లో టీచరు హాజరు సమయానికి పడలేదు, మీరు ఏం చేస్తున్నారు, ఇన్‌ఛార్జి అంటే ఊరికే కుర్చీలో కూర్చోవడమా అని గట్టిగా అడిగారు. ఫోను పెట్టేసి ఆమె భోజనాల దగ్గరికి వచ్చింది. ధర్మేంద్ర భానుశ్రీతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"ఏం సార్, మీ వల్ల నేను మాటలు పడతా ఉండాను. టైముకు రావడం చేతకాకపోతే సెలవు పెట్టి ఇంట్లో కూర్చోండి!"

ధర్మేంద్ర నవ్వు ఆగిపోయింది. తింటున్న చేయి పళ్లెంలోనే ఉండిపోయింది. "సారీ మేడం" అన్నాడు. పక్కన మునిరామయ్య తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూశాక గాని, ఆ మాటలు ఎక్కడివో మునిలక్ష్మికి గుర్తు రాలేదు.

మరుసటి రోజు నుంచి ధర్మేంద్ర గంట కొట్టడానికి ముందే వచ్చాడు. గంట కొట్టగానే వెళ్లిపోయాడు. రిజిస్టరు నిండుగా రాశాడు. ఏది చెబితే అది చేశాడు, అంతకుమించి ఏదీ చేయలేదు. పైనుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఇన్‌ఛార్జిగా ఆమె సంతోషించాల్సిన విషయమే. కానీ అలా సమయానికి వచ్చి సమయానికి పోవడం ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అతను వరండాలో నడిచి పోతుంటే తనను తానే చూసుకున్నట్టుండేది.

ఆ ఆదివారం కాళహస్తి మార్కెట్లో దేవరాజులు సారు కనబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. చేతిసంచిలో గోరుచిక్కుళ్లు వేసుకుంటున్నాడు. ఆమెను చూసి సంతోషపడ్డాడు.

"ఇన్‌ఛార్జి అంట కదమ్మా! ఎట్లుండాది?"

"కష్టంగా ఉండాది సార్."

"ఉండదా మరి!" అంటూ సంచి కింద పెట్టాడు. "ముప్పై ఏండ్లు పాఠం చెప్పినాను. ఒక పొద్దున పిలిచి తాళాలిచ్చి, నువ్వు హెచ్ఎం అన్నారు. మనుషులతో ఎట్ల పని చేయించుకోవల్లో నాకెవరు చెప్పినారు? పైవాళ్లు నా మీద అరిచేది, నేను మీ మీద అరిచేది. రాత్రి నిద్ర పట్టేది కాదమ్మా. రిటైరైనాక గాని బీపీ దిగలేదు."

మునిలక్ష్మి "మీరొకసారి నన్ను అందరి ముందర ఒక మాట అన్నారు సార్" అంది.

దేవరాజులు కళ్లు చిట్లించి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "అన్నానా? ఏమన్నానమ్మా? నాకు గుర్తులేదే" అన్నాడు. నిజంగానే గుర్తులేదు. "ఏమన్నా అనింటే మనసులో పెట్టుకోవద్దు తల్లీ. నువ్వు మంచి టీచరువి, నాకు తెలుసు."

"ఆ మాట అప్పుడు చెప్పింటే బాగుండు సార్" అంది. కోపంగా అనలేదు. ఆయనా నొచ్చుకోలేదు. తలూపి, సంచి ఎత్తుకుని, "ఎండగా ఉండాది, నిదానంగా పోమ్మా" అని వెళ్లిపోయాడు.

ఇంటికి నడుస్తూ ఆమె అదే ఆలోచించింది. తన కొన్నేళ్ల ఉద్యోగాన్ని ఎండబెట్టేసిన మాట ఆయనకు గుర్తే లేదు. రేపు తానన్న మాట తనకూ గుర్తుండకపోవచ్చు. ధర్మేంద్రకు మాత్రం ఉంటుంది.

సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక ఆమె నిలబడింది. "ధర్మేంద్ర సార్, ఆ రోజు ఇదే చోట అందరి ముందర మిమ్మల్ని అనరాని మాట అన్నాను. తప్పు నాది. అందరి ముందర అన్నాను కాబట్టి అందరి ముందరే చెబుతా ఉండాను. బస్సు సంగతి మనిద్దరం వేరే మాట్లాడుకుందాం."

ధర్మేంద్ర "పర్లేదు మేడం" అన్నాడు. పర్లేదు అన్నట్టు లేదు గొంతు. ఆమె అంతకంటే ఆశించలేదు.

"ఈ శనివారం నా క్లాసు. మీరు కొత్తవాళ్లు, మీకు తెలీదు. వచ్చి వెనక కూర్చుని, నేనేం తప్పు చేస్తా ఉండానో చెప్పల్ల."

శనివారం అతను చేతులు కట్టుకుని చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆమె విద్యుత్ వలయాల పాఠం చెప్పింది. చాలా వారాల తర్వాత సిద్ధపడి చెప్పిన పాఠం. బాగా వచ్చిందనే అనుకుంది. పిల్లలు వెళ్లాక భానుశ్రీ, మునిరామయ్య మెచ్చుకున్నారు. ధర్మేంద్ర వంతు వచ్చింది.

"నిజం చెప్పమంటారా మేడం?"

"చెప్పండి."

"మీరు పాఠమంతా ముందు రెండు బెంచీలతోనే మాట్లాడినారు. కిటికీ పక్కన కూర్చున్న పిల్లోళ్లను ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్లకూ అది అలవాటైపోయినట్టుండాది, చెయ్యే ఎత్తలేదు." అతని గొంతులో కొంచెం పదును ఉంది. ఆ రోజు మాటకు బదులు తీర్చుకుంటున్నాడేమో కూడా. అయినా అది నిజం.

మునిలక్ష్మికి చురుక్కుమంది. మామూలుగానైతే ఏదో ఒక కారణం చెప్పేది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేసి, "నేను చూసుకోలేదు సార్. సోమవారం నుంచి చూస్తాను. మీరు మళ్లీ వచ్చి చూడండి" అంది.

ఆ తర్వాత బస్సు సంగతి మాట్లాడారు. తిరుపతి నుంచి నేరుగా వచ్చే మొదటి బస్సు సరిగ్గా గంట వేళకు గాని ఏటివేడు చేరదు. ఆ మాట పడ్డప్పటి నుంచి అతను కాళహస్తిలో దిగి, ఆటోకు డబ్బులు పెట్టుకుని వస్తున్నాడు. అతను చెబుతూనే ఉన్నాడట, ఎవరూ వినలేదట. ఆమె టైమ్‌టేబుల్ ముందేసుకుని అతని మొదటి పీరియడును మునిరామయ్యతో మార్చింది. మునిరామయ్య అదే ఊళ్లో ఉంటాడు, అతనికి ఇబ్బంది లేదు. హాజరు సమయం గురించి మళ్లీ పైనుంచి ఫోను వస్తే కృపారాణి చేసినట్టే బయటికి పోయి, తానే సర్దిచెప్పి, తిట్లుంటే తిని లోపలికి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. గోడకవతల కూర్చున్న భానుశ్రీకి వినబడింది, ఆమె అందరికీ చెప్పేసింది.

ధర్మేంద్ర రాత్రికి రాత్రే మారిపోలేదు. కొన్నాళ్లు అలాగే గంటకు వచ్చి గంటకు పోయాడు. తర్వాత ఒకరోజు, గంట కొట్టి పిల్లలు వెళ్లిపోయాక కూడా ఏడో తరగతి గదిలో లైటు వెలుగుతుంటే మునిలక్ష్మి తొంగిచూసింది. ఒక పెద్ద కాగితం నేల మీద పరిచి, నలుగురైదుగురు పిల్లలతో కలిసి ధర్మేంద్ర ఏటివేడు పటం గీస్తున్నాడు. బళ్లోని చాలామంది తల్లులు కంపెనీ బస్సు ఎక్కి పనికి పోతారు. ఎవరి అమ్మ ఏ మలుపులో బస్సు ఎక్కుతుందో, ఎక్కడికి పోతుందో పిల్లలు చెబుతుంటే అతను గుర్తులు పెడుతున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూర్చోండి సార్. మీ బస్సు పోతాదేమో?"

"ఇంకొకటి ఉండాది లెండి మేడం."

ఆమె వెళ్లి తన సామాను సర్దుకుంది.

వేసవి తర్వాత రెగ్యులర్ హెచ్ఎం వచ్చాడు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన బాలచంద్ర అనే నెమ్మదైన మనిషి. మునిలక్ష్మి తాళాలు, స్టాంపు అప్పగించి ఊపిరి పీల్చుకుంది. ఎనిమిదో తరగతికి తిరిగి వెళ్లిపోయింది. అప్పగించేటప్పుడు ఆయన, "ఇక్కడ నేను ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఏమన్నా ఉందా మేడం?" అని అడిగాడు. ఆమె కాస్త ఆలోచించి, "శనివారం చివరి పీరియడు ఎవరికీ వేరే పని పెట్టొద్దు సార్. మీకు వీలైతే ముందు మీ క్లాసుకు మమ్మల్ని పిలవండి" అంది. ఆయన అర్థం కాక చూశాడు, కానీ సరేనన్నాడు.

అన్ని శనివారాలూ జరగవు. పరీక్షలుంటాయి, మీటింగులుంటాయి, ఒక్కోసారి అందరూ అలిసిపోయి ఉంటారు. బాలచంద్ర సారుకు ఇంకా తన క్లాసులో నలుగురు కూర్చుంటే చెమటలు పడతాయి. ఈమధ్య ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో పెద్ద గొడవ జరిగింది. ధర్మేంద్ర పిల్లల చేత పటాల మీద ఊళ్ల పేర్లు తెలుగులో రాయిస్తున్నాడని, ఇంగ్లీషులో రాయిస్తే తన పని సులువవుతుందని భానుశ్రీ. వాళ్ల వీధి పేరు వాళ్లు మాట్లాడినట్టు రాసుకోనివ్వాలని ధర్మేంద్ర. మునిరామయ్య మధ్యలో దూరి, అసలు ఆ పేర్లలో సగం తప్పుగా రాస్తున్నారని ఇద్దరినీ తిట్టాడు. గొంతులు లేచాయి. బాలచంద్ర సారు కంగారుగా పరుగెత్తుకొచ్చి, "ఏమైంది, ఏమైంది?" అన్నాడు.

మునిలక్ష్మి మజ్జిగన్నం కలుపుకుంటూ, "ఏం లేదు సార్. పాఠం గురించి మాట్లాడుకుంటా ఉండారు" అని చెప్పి, ఆయనకు కూర్చోవడానికి పక్కకు జరిగింది.